అడవియంచున ఆకాశము



నే నీ సాయంకాలము మీతో ముచ్చటింపబోవు విషయము కొందఱకు వింతగా దోచవచ్చును. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి దీసికొన్నవాడు ఇంటిపట్టున రామాయణమో భాగవతమో చదువుకొనక, అర్ధరాత్రమున చేనిగట్టుమీద మూడుకాళ్ల పీట నిలిపి, దానిపై కెమేరా బిగించి, చుక్కలవంక చూచుచు గూర్చుండుట యేమి? మా యూరివారు మొదట నన్ను పంటకు కావలి కాయుచున్నా ననుకొనిరి. పిమ్మట మతి చెడిన దనుకొనిరి. ఇప్పు డలవాటుపడి, ఉదయమున నెదురైనప్పుడు, "పంతులుగారూ, రాత్రి ఏమన్నా పడిందా?" అని చేపలు పట్టువాని నడిగినట్లు అడుగుచున్నారు.

మా యూరు పాల్వంచకును బూర్గంపాడునకును నడుమ, అడవి యంచున నున్నది. అప్పుడది ఖమ్మము జిల్లా. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా. తూర్పుగా పోయిన గోదావరి, ఆవలియొడ్డున భద్రాచలము, అటుపై కొండలు, అడవి. అచటినుండి బస్తరుదాక చీకటియే. ఈ చీకటియే నా యాస్తి యని చెప్పినచో మీరు నవ్వుదురేమో. కాని యీ వ్యసనము నాకు చీకటిలో నంటుకొన్నది కాదు. పట్టపగలు, తలుపులు మూసిన యింటిలో, మట్టినేలమీద నంటుకొన్నది. ఆ సంగతి ముందుగా చెప్పెదను.

1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేది, శనివారము, మాఘ బహుళ అమావాస్య. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణము. చంద్రుని నీడ పడమటి కనుమలు దాటి, రాయచూరు, నల్లగొండ ప్రాంతములమీదుగా వచ్చి, మా యడవిని దాటి, పూరీవైపునకు పోయినది. ఆ నీడ నడిమి బాటలోనే మా యూరు పడినది. ఒక్కచోట నిలిచియున్నవానికి సంపూర్ణ సూర్యగ్రహణము లభించుట సగటున మూడునాలుగు వందల యేండ్లకొకమా ఱని లెక్క గట్టినవారు చెప్పుదురు. నాకప్పుడు పదియేండ్లు. అంతటి భాగ్యము గుమ్మము ముందుకు నడచి వచ్చినప్పుడు నే నెచటనున్నాను? మా నాయనమ్మ నన్నును, నా చెల్లెలిని పడమటింటిలో బెట్టి గడియ వేసినది.

ఆమెను తప్పుపట్టను. ఆనాడు ఊరూర నదియే జరిగినది. గ్రహణమును వట్టి కన్నులతో చూచినచో చూపు పోవునని హెచ్చరిక లంతట వినబడినవి. అవి నిజమే. అయితే ఆ హెచ్చరిక మా యిండ్లకు చేరునప్పటికి "చూడవద్దు" అనుమాట "బయటికి రావద్దు" అని మాఱినది. దర్భలు, పట్టు, విడుపు, స్నానము వీనితో కలిసిపోయి తుదకు గడియగా మిగిలినది. వీధిలో కుక్కకూడ లేదు.

మాది పెంకుటిల్లు. పెంకుల సందులలోనుండి యెండ సూదులుగా నేలమీద పడుట దినదినము చూచుచున్నదే. ప్రతి సూదికిని కొన నొక గుండ్రని వెలుగుచుక్క యుండును. ఆనాడు రెండున్నర దాటిన కొంతసేపటికి నా చెల్లెలు, "అన్నా, చుక్కలను ఎవరో కొరుకుతున్నారు!" అని కేక పెట్టినది. చూచితిని. నేలమీది ప్రతి చుక్కయు ఒకవైపున కొంచెము కొఱుకబడియున్నది. చూచుచుండగానే యవి తఱిగి తఱిగి కొడవళ్లైనవి. గదినిండ చిన్నచిన్న కొడవళ్లు! గోడమీద, గాదెమీద, చెల్లెలి చేతిమీద, అన్నియు నొక్కవైపునకే కొనలు త్రిప్పుకొని యుండెను. నేను గాదెక్రింద దాచిన పలక దీసి దానిపై నొక కొడవలిని పట్టుకొంటిని. పలక పైకెత్తినకొలది చిన్నదగుచుండెను, దింపినకొలది పెద్దదగుచుండెను. పిమ్మట కొడవళ్లు గోరుచంద్రులై, దారపుపోగులై, ఒక్కసారిగా మాయమైనవి. గది చీకటియైనది. కొట్టములో గేదె యఱచినది. చెల్లెలు నా చొక్కా పట్టుకొన్నది. రెండు నిమిషములకు పైచిలుకు గడచినదని యిప్పుడు తెలియును. అప్పుడైతే దాని కంతే తోచలేదు. మరల కొడవళ్లు పుట్టినవి, కాని యీసారి కొన లావలివైపునకు తిరిగియున్నవి.

ఆ చుక్కలు సందుయొక్క ఆకారములు కావనియు, సూర్యుని ప్రతిబింబములే యనియు నాకు మరునాడు బడిలో మా పంతులుగారు చెప్పిరి. సందు మూలలుగా నున్నను, పగులుగా నున్నను, నేల దూరముగా నున్నచో దానిపై పడునది సూర్యుని గుండ్రతనమే. పది యడుగుల దూరమున నది యించుమించు ఒక అంగుళమునకు కొంచె మధికమైన బిళ్లయగును. కిరణములు సందులో దాటుకొని పోవుటచే బొమ్మ తలక్రిందుగా పడును. చింతచెట్టు నీడలోని వెలుగుచుక్కలన్నియు నటువంటివే. కెమేరా యనుమాటకు మూలమందు అర్థము "గది" యట. చీకటిగది, ఒక్క రంధ్రము, ఎదుట నొక తెర. అనగా నన్నాకాశమునుండి దాచుటకై మూసిన యిల్లే పెద్ద కెమేరాయై, ఆకాశమును నా కాళ్లముందు పఱచినది. పెద్దలు దీనిని గుర్తుంచుకొనవలయును. పిల్లలకు గ్రహణమును చూపుట కెట్టి ఖరీదైన సాధనమును అక్కఱలేదు. అట్టముక్కకు సూదితో రంధ్రము చేసి, సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి, నీడలో బిళ్లను చూపించుడు. సూర్యునివంక మాత్రము చూడనీయకుడు.

నాకు ఆకాశమునుగూర్చిన పుస్తకములు దొరకిన తరువాత తెలిసినది, మన తెలుగుగడ్డమీద నీ పని నాతో మొదలైనది కాదని. 1868 ఆగష్టు 18న గుంటూరున సంపూర్ణ సూర్యగ్రహణ మయిదు నిమిషములకు పైగా నిలిచినది. దానికై ఫ్రాన్సుదేశమునుండి జాన్సెను అను పండితుడు, ఇంగ్లీషు సైన్యములోని టెన్నెంటు అను నధికారియు అచటికి వచ్చి విడిసిరి. మచిలీపట్టణమున మదరాసు వేధశాల యధిపతి పాగ్సను నిలిచెను. టెన్నెంటుగారి బృందము గ్రహణమును ఛాయాచిత్రములుగా పట్టినది. ఆనాటి పద్ధతి యెట్టిదో వినుడు. గాజుపలకమీద జిగురుమందు పోసి, వెండిలవణపు నీటిలో ముంచి, ఆ తడి యారకమునుపే దుర్భిణిలో నుంచి చిత్రము పట్టి, ఆ తడితోనే చీకటిగుడారమునకు పరుగెత్తి కడుగవలయును. శ్రావణమాసపు గుంటూరి యుక్కలో, మబ్బులు వచ్చునో రావో యను భయముతో, అయిదు నిమిషములలో నింత పని! వా రాఱు పలకలు తెచ్చుకొనగలిగిరి.

జాన్సెను చేసినపని యంతకంటె వింతయైనది. గ్రహణవేళ సూర్యుని యంచున లేచు ఎఱ్ఱని జ్వాలలను కాంతివిభజన యంత్రముతో చూచి, వాని గీత లెంత ప్రకాశముగా నున్న వనగా గ్రహణము లేకున్నను కనబడునని తలచి, మరునా డుదయముననే మరల చూచి నిజము చేసికొనెను. ఆ జ్వాలల వెలుగులో నానాడు కనబడిన పసుపుపచ్చని గీత అప్పటికి భూమిమీద నెవరును ఎఱుగని పదార్థమునకు చెందినది. దానికి హీలియము అని పేరైనది. సూర్యునిపేరే. భూమిమీద నది 1895లో గాని రామ్సేగారి చేతికి చిక్కలేదు. బెలూనులలో నూదు వాయువు చరిత్రలో గుంటూరు పేరున్నదని మనలో నెందఱకు తెలియును?

విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంతసొమ్ముతో వేధశాల గట్టుకొనిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు సర్కారు కొలువు వదలి దానిని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను చూచి, ఆ వివరములు లండనునకు పంపిరి. ఇక హైదరాబాదున నవాబు జఫర్ జంగుగారు 1901లో పదునైదంగుళముల దుర్భిణి తెప్పించి ఫిసల్‌బండలో స్థాపించిన నిజామియా వేధశాల కథ వేఱు. అది పిమ్మట బేగంపేటకు మాఱినది. అప్పటికి పారిసులో 1887లో జరిగిన యొప్పందముచేత ప్రపంచపు వేధశాలలు ఆకాశమంతయు ఛాయాచిత్రములుగా పట్టి పటము వ్రాయుటకై వంతులు పంచుకొనియుండెను. ఒక దూరదేశపు వేధశాల చేయలేక విడిచిన వంతు మన హైదరాబాదునకు వచ్చినది. ఎనిమిదంగుళముల ఛాయాచిత్ర దుర్భిణితో గాజుపలకలమీద చుక్కలు పట్టి, ఒక్కొక్క చుక్కకు అడ్డము, నిలువు కొలిచి అంకెలు వ్రాసి, చాటుద్వాన్లు, పోకాకు, భాస్కరను గారల కాలములలో పండ్రెండు సంపుటములు వెలువరించిరి. పంటకొలతలు వ్రాయు పట్వారీవలె లక్షలకొలది నక్షత్రములకు పహాణీ వ్రాసిరన్నమాట. ఆ కొలతలు వ్రాసిన గుమాస్తాల పేర్లు నేడెవరికి తెలియును! నా కా పేరులేనివారిమీద గౌరవ మెక్కువ.

ఆ వేధశాలలో పనిచేసినవారి కుమారుడే వేణు బాప్పు. హైదరాబాదున పెరిగి, నిజాం కళాశాలలో చదివి, అమెరికాకు పోయి, అచట 1949 జూలైలో ఒక రాత్రి తాను పట్టిన ఛాయాచిత్రపు పలకను పరిశీలించుచు, దానిపై నంతకుము న్నెవరును చూడని తోకచుక్కను కనుగొనెను. ఆకాశములో నతడు దానిని చూడలేదు. పలకమీద చూచెను. ఈ మాట నాకెంతో బలమైనది. ఏల యనగా కంటికి కనబడనిది పటమునకు చిక్కు నను సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని.

1986లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు నాకు పదునాఱేండ్లు. మేనమామ యొకరు పాత కెమేరా యిచ్చిరి. ఏప్రిలునెలలో దక్షిణమున, తాటితోపు తలలమీద, దూదిపింజవంటి మసక. డెబ్బదియాఱేండ్లకొకమారు వచ్చు అతిథి యింత బీదగా వచ్చునా యని యూరంతయు నిరాశపడినది. నేను చుట్ట మొత్తము దానికే ఖర్చుపెట్టి, పట్టణములో నొక స్టూడియోలో కడుగుట కిచ్చితిని. వారము దినముల పిమ్మట పోగా, "ఏమీ పడలేదయ్యా, అంతా నలుపే" అని, ఫిల్మును ముక్కలుగా కత్తిరించి పొట్లముకట్టి చేతబెట్టిరి. చుక్కల ఫిల్మునకు అంచులు కనబడవు. నలుపులో నలుపు. ఏ చిత్ర మెక్కడ ముగిసినదో తెలియక, వారు కొలతప్రకారము కత్తెర వేసిరి. ఇంటికి వచ్చి దీపమునకెదురుగా పట్టి చూడగా, ఒక ముక్కలో తోకచుక్క తల, వేఱొక ముక్కలో తోక! వారిపై కోపము రాలేదనను. కాని రెండు ముక్కలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, నా కంటికి మసకగా తోచిన దాని తోక అంగుళము పొడవున స్పష్టముగా నుండుట చూచి కోపమును మఱచితిని. అప్పటినుండి ప్రతి చుట్ట మొదట ఒక పగటిచిత్రము పట్టుట యలవాటు చేసికొంటిని. కడుగువానికి అంచు దొరకుటకై. ఆ పగటిచిత్రము లన్నింటను మా నాయనమ్మయే. చేటతో బియ్యము చెఱుగుచును, గేదెకు గడ్డి వేయుచును, నన్ను కసరుచును.

ఇది యెట్లు జరుగునో క్లుప్తముగా చెప్పెదను. కన్ను దోసిలి వంటిది. ఎంతసేపు పట్టినను నిలుచు నీరింతే. కెమేరా కారుచున్న పైపు క్రింద పెట్టిన కుండ వంటిది. తలుపు తెఱచియుంచినకొలది వెలుగు నిండును. అయితే భూమి తిరుగుటచే ఆకాశము గంటకు పదునైదు భాగములు జరుగుచుండును. వృత్తమునకు మున్నూట యఱువది భాగములని మీ రెఱుగుదురు. కావున ఇరువది ముప్పది క్షణములకు మించి తెఱచినచో చుక్క చుక్కగా నుండక గీతయగును. పూర్వము ఒక్క చిత్రమునకే గంటసేపు తెఱచియుంచెడివాడను. ఇప్పటి కెమేరాలలో ఫిల్ములేదు గనుక చిన్నచిన్న చిత్రములు నూఱు పట్టి కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చుచున్నాను. పని సులువైనది. మఱునాటిదాక నిరీక్షించు తహతహ మాత్రము పోయినది. దాని కొఱత నాకు తెలియును.

మన యడవియంచుకు ఆకాశమున నొక చక్కని యమరిక యున్నది. ధ్రువనక్షత్ర మెంత యెత్తున నుండునన్నది మన ముండుచోటినిబట్టి యుండును. శ్రీనగరమున ముప్పదినాలుగు భాగములెత్తు. భద్రాచలమున దానిలో సగము, పదునేడున్నర. చేయి చాచి పిడికిలి బిగించినచో నది పది భాగములు గావున, మనకు ధ్రువుడు ఉత్తరపుదిక్కున రెండు పిడికిళ్లకు కొంచెము తక్కువ యెత్తుననే యుండును. మాఘమాసపు రాత్రులలో దక్షిణముగా తిరిగి చూడుడు. అగస్త్యుడు, మిక్కిలి ప్రకాశమానుడై, ఆకాశమున తానెక్కగలిగిన మిక్కిలి యెత్తునకు చేరినప్పుడును రెండు పిడికిళ్లకు మించడు. ఉత్తరమున కదలనివాడు, దక్షిణమున వచ్చిపోవువాడు, ఇద్దఱు నిలువెత్తున సరిసమానముగా నెదురెదురుగా నిలిచి మన యూళ్లను చూచుచుందురు. ఢిల్లీవారి కగస్త్యుడు నేలకు తగులుచున్నట్లుండును. లండనువారికి కనబడనే కనబడడు. వేసవి ముందటి రాత్రులలో త్రిశంకు చుక్కలుకూడ దక్షిణపు చెట్లమీదికి లేచును.

కాని యదే సమయమున మన కొక విఘ్నము కలదు. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూలు రాలునప్పుడు, పూలేఱుకొనుటకు వీలుగా చెట్లక్రింద ఎండుటాకులను తగులబెట్టుదురు. ఆ పొగ అడవినిండ వ్యాపించి దిక్కుల యంచులను పిడికిలి యెత్తువఱకు మసిచేయును. ఇప్పపువ్వు వాసన, పొగ వాసన కలిసి వచ్చుచుండును. చుక్కలు మాత్రము రావు. దానికి నేనెవరిని నిందింతును? ఆ పూవు వారికి పూటగాసము. పిమ్మట నాలుగు చినుకులు పడినచో ఆకాశము కడిగిన పళ్లెమగును. అట్టి రాత్రుల కొఱకే నేనేడాదంతయు కాచుకొందును. రెండుజాములు దాటిన పిదప తూర్పుదక్షిణమున వృశ్చికము లేచి, దాని వెనుకనే పాలపుంత పొయ్యిమీది పాలవలె పొంగి వచ్చును.

ఇదివఱకు చెప్పినట్లు చీకటియే నా యాస్తి. అది తఱుగుచున్నది. పాల్వంచ విద్యుత్కేంద్రము 1966 నుండి యున్నదే. చిన్ననాట దాని వెలుగు పడమట నొక చిన్న గోపురమువలె కనబడెడిది. నేను 1990 ప్రాంతమున పట్టిన చిత్రములను ఇప్పటివానిప్రక్క నుంచినచో, నాలుగుదిక్కులను పసుపుపచ్చని గోపురములు లేచినవి. పాల్వంచ, కొత్తగూడెము, మణుగూరు, సారపాక, ఒక్కొక్కటి యెచటిదో చెప్పగలను. నేను దీపములకు శత్రువును కాను. మా నాయనమ్మ కిరసనాయిలు బుడ్డితో పురిటిపనులు చేసిన రాత్రులు నాకు తెలియును. నా మొఱ దీపముమీద కాదు, పైకిపోవు వెలుగుమీద. వీధిదీపము వెలుగు వీధిలో పడవలయును గాని మబ్బులకేల? మా పంచాయతీవారిని బ్రతిమాలి, నా పొలము దారిలోని దీపమునకు రేకుటోపి పెట్టించితిని. వీధి మునుపటికంటె వెలుతురైనది. ఒక్క టోపీ ఖర్చు!

చుక్కలతోపాటు వేఱొకటియు తఱుగుచున్నది. దానికై పెద్దలను వేడుకొనుటకే ముఖ్యముగా నీ ప్రసంగమున కొప్పుకొంటిని. చుక్కల పేర్లు! నేను పుస్తకములలో కృత్తికలని చదివినదానిని మా నాయనమ్మ పిల్లలకోడి యనెడిది. మృగశిర దాపున వరుసగా నుండు మూడు చుక్కలను మా పాలికాపు గొఱ్ఱుకొయ్య లనెడివాడు. విత్తనాల గొఱ్ఱు త్రోలినవారికి గాని ఆ పేరు పెట్టుట చేతగాదు. నేను నా చిత్రములను పెద్దకాగితములమీద అచ్చువేయించి, ఊరూర పెద్దలకు చూపి పేర్లడిగి వ్రాసికొనుచున్నాను. ఒకచోట నొక గొల్లపెద్ద మూడుచుక్కలను గొల్లకావడి యనెను, ప్రక్కనున్న కాపు గొఱ్ఱుకొయ్యలేనని వాదించెను. చిలుముగొట్ట మారిపోవువఱకు తగవు సాగినది. తుదకు తెలిసినదేమనగా ఆయన కావడి వేఱు, ఈయన గొఱ్ఱు వేఱు. కావడి శ్రావణమాసపు రాత్రుల నడినెత్తిమీదికి వచ్చు శ్రవణము. ఇద్దఱు నొప్పే, తప్పు నా పటముది. అందులో సగమాకాశమే యున్నది.

బూర్గంపాడుదాపున నొక కోయపెద్దను నే నెన్నటికి మఱువను. సప్తర్షుల చిత్రము చేతికీయగా, నాలుగు చుక్కలమీద వ్రేలుంచి, "ముసలమ్మ మంచం" అనెను. తోకవలె నుండు మూడింటిని చూపి, "ముగ్గురు దొంగలు. మంచం ఎత్తుకపోదామని చూస్తన్నరు. ముసలిది నిద్రపోదు" అనెను. నేనప్పుడు సంచిలోనుండి వేఱొక చిత్రము, గంటలకొలది తెఱచిపెట్టి పట్టినది, ధ్రువునిచుట్టు చుక్కలన్నియు గీతలుగా తిరిగినది, తీసి యిచ్చితిని. ఆయన దానిని చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచి, "ఇవి దొంగల అడుగులు గదా!" అనెను. మంచముచుట్టు తిరిగి తిరిగి వారు వేసిన బాట! ఇన్నేండ్లుగా నాచేత నున్న చిత్రమును నేను మొదటిసారి చూచినట్లైనది. ఆ మఱుసటి వేసవికి ఆయన లేడు.

కావున మీలో నెవరికైనను చుక్కల పేర్లు తెలిసియున్నచో, ఇంటిలోని పిల్లలచేత ఒక కాగితముమీద వ్రాయించి యుంచుడు. ఏ నెలలో, ఏ జామున, ఏ దిక్కున కనబడునో కూడ వ్రాయించుడు. తప్పో యొప్పో యని జంకవలదు.

ఇక మొదటి గ్రహణమునకు మరల వచ్చెదను.

ఆ దినమున కోలుపోయినదానికై నేను చాలదూరము తిరిగితిని. 1999 ఆగష్టు 11న సంపూర్ణగ్రహణము శ్రీకాకుళముమీదుగా పోవునని తెలిసి, రెండు బస్సులు మాఱి పోయితిని. వానకాలపు మబ్బు, సూర్యాస్తమయవేళ. మబ్బుక్రింద చీకటి యధికమగుట తప్ప నేమియు చూడలేదు. 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న మా యూరనే పాక్షికముగా చూచితిని. తగిన పొరతో చిత్రములు పట్టితిని. బాగుగనే వచ్చినవి. పడమటింటి నేలమీది కొడవళ్లకు అవి సాటిరావు.

1997 వసంతమున హేల్-బాప్ తోకచుక్క దినదినము సంధ్యవేళ పడమటియుత్తరమున కనబడుచుండెను. దీపము ముట్టించునప్పటికి వాకిటిలోనే కనబడెడిది. దానికి తెల్లనితోక యొకటి, నీలితోక యొకటి. నీలిది కంటికి అంతంతమాత్రమే. ఫిల్ముమీద చక్కగా పడినది. ఆ చిత్రమును నాయనమ్మకు చూపితిని. ఆమె కప్పటికి ఎనుబది దాటినవి. వాకిటిలో మంచముమీద కూర్చుండి, కాగితమును కనులకు దగ్గఱగా పెట్టుకొని చూచి, కొంతసేపటికి మెల్లగా నిట్లనెను.

"అయ్యా, ఆనాడు గ్రహణమప్పుడు నిన్ను లోపల పెట్టి గడి పెట్టిన గదా. గేదె అరిస్తే కొట్టంలోకి పోయిన. అప్పుడు చూసిన."

నేను మాటాడలేదు.

"నల్లటి పళ్లెం. దాని చుట్టూ బంతిపువ్వు. చుట్టూతా రేకులే, తెల్లగా. నడినెత్తికి దగ్గర్లో వేగుచుక్క. పగటిపూట వేగుచుక్క! కాసేపే. ఎవరికీ చెప్పలేదు."

పదునేడేండ్లు ఆ సంగతి నామె మనసున దాచుకొన్నది. పూర్ణగ్రాస సమయమున చూచినది గావున కనులకు హాని కలుగలేదు. చాలకాలమునకు నాకు పుస్తకములలో నానాటి ఛాయాచిత్రములు దొరకినవి. హైదరాబాదునకు దక్షిణమున జపాల్-రంగాపూరు వేధశాలయు, పాలమూరు జిల్లా పాలెము గ్రామమును ఆనాడు దేశవిదేశముల శాస్త్రజ్ఞులతో నిండిపోయినవట. పాలెమున అమెరికావారు పట్టిన చిత్రము చూచితిని. సూర్యునిమీద మచ్చ లెక్కువగానుండు సంవత్సరములలో ఆ తెల్లని ప్రభ చుట్టును సమానముగా రేకులు విచ్చుకొనును. మచ్చలు తక్కువైన యేండ్ల అది రెండువైపుల రెక్కలుగా సాగును. 1980 మచ్చ లెక్కువైన యేడు. ఆ చిత్రము నిక్కముగా బంతిపువ్వే. శుక్రు డానాడు సూర్యునికి తూర్పుగా నలువది భాగములకు పైగా నెడముండెను. అనగా మధ్యాహ్నము మూడు ముప్పావువేళ మా యూరిలో తలయెత్తి చూచినచో నడినెత్తికి సమీపముననే.

ఇవన్నియు నే నామెకు చెప్పగలుగునాటికి ఆమె లేదు. ఆ సంధ్యవేళ మాత్రము ఒక్కటే యడిగితిని. "మరి నన్నెందుకు పిలవలేదు నాయనమ్మా?"

"పిలుద్దామనే అనుకున్నరా. నోరు రాలేదు" అన్నది.

నా చిత్రముల పుస్తకములో మొదటి పుట ఖాళీగా నుంచితిని. దానిమీద 1980 ఫిబ్రవరి 16 అని వ్రాసి, క్రింద నామె చెప్పిన మాటలే వ్రాసియుంచితిని.